‘ఇంకా రాలేదమ్మా’ అన్నాక

టీవీలో కొత్త బిస్కెట్ ప్రకటన హైదరాబాద్‌లోనూ మాచర్లలోనూ ఒకే క్షణంలో వస్తుంది. ప్యాకెట్ మాత్రం అలా రాదు. పిల్లాడు అడిగాడని వీధి చివర కొట్టుకు వెళ్తే, "ఇంకా రాలేదమ్మా, వస్తే చెప్తాలే" అంటారు శెట్టిగారు. వారం ఆగి వెళ్తే మళ్ళీ అదే మాట. మూడోసారి అడగడానికి మనకే మొహమాటం. పిల్లాడు మర్చిపోతాడు, మనమూ మర్చిపోతాం. ఒక్కోసారి ఆ సరుకు మన ఊరి మొహం చూడకుండానే కంపెనీ దాని తయారీ ఆపేస్తుంది కూడా.

బిస్కెట్ సంగతే అయితే పోనీ అనుకోవచ్చు. గోధుమ పడని పిల్లకు గోధుమ కలవని పిండి కావాలి. ఉప్పు తగ్గించమన్న పెద్దాయనకు ఉప్పు తక్కువ వేసిన పచ్చడి కావాలి. కాళ్ళు పగిలే ముసలావిడకు డాక్టరు చెప్పిన సబ్బు కావాలి. ఇవన్నీ ఎక్కడో తయారవుతున్నాయి, మార్కెట్లోకి వచ్చాయని మనకు తెలుస్తూనే ఉంది, గురజాలలో మాత్రం దొరకవు. అలాంటప్పుడు ‘మన ఊళ్ళో ఏం దొరుకుతాయిలే’ అని సర్దుకుపోవడం చాలామందికి అలవాటైపోయింది. ఈ అధ్యాయం ఆ అలవాటు గురించే. పల్నాడు లాంటి చోట కొత్త సరుకు కళ్ళతో వెతికితే దొరకడం తక్కువ. అడిగి తెప్పించుకుంటే దొరుకుతుంది. అలా అడగడానికి ఒక పద్ధతి ఉంది, ఎవరైనా నేర్చుకోవచ్చు.

సరుకు నడిచే దారి

ముందు అది మన దాకా ఎలా వస్తుందో చూడాలి. కంపెనీ ఫ్యాక్టరీలో తయారైన పెట్టె నేరుగా కొట్టుకు రాదు. రాష్ట్రానికి ఒకటో రెండో పెద్ద గోడౌన్లు ఉంటాయి. మన వైపు సరుకుకు అవి చాలావరకు విజయవాడ చుట్టుపక్కలే. అక్కడి నుంచి ఊరూరా ఉన్న డీలర్లకు, అంటే బోర్డు మీద ఫలానా ఏజెన్సీస్ అని రాసి ఉండే వాళ్ళకు వస్తుంది. డీలరు దగ్గర పనిచేసే సేల్స్‌మేన్ వారానికో రోజు ఒక్కో లైన్, అంటే ఒక్కో దారిలో ఉన్న కొట్లు, తిరిగి ఆర్డర్లు రాసుకుంటాడు. మర్నాడో ఆ మర్నాడో ఆటోలో సరుకు దిగుతుంది. నరసరావుపేటలో డీలర్లు ఎక్కువ, కొట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి లైన్ క్రమం తప్పదు. పిడుగురాళ్ళ, దాచేపల్లి, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్ల వైపు వెళ్ళేకొద్దీ దూరం పెరుగుతుంది, ఒక్కో కొట్టు ఇచ్చే ఆర్డరు బిల్లు తగ్గుతుంది. లోపలి ఊళ్ళకైతే లైనే ఉండదు. అక్కడి కొట్టాయన స్వయంగా టౌనుకు వచ్చి హోల్‌సేల్ కొట్లో కొనుక్కుపోతాడు. హోల్‌సేల్ కొట్లో ఉండేది రోజూ కదిలే సరుకే. కొత్తది అక్కడ ఆఖరున చేరుతుంది.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయింది, నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. కలెక్టరాఫీసు వచ్చింది కానీ సరుకు దారి మారలేదు. అది ఇప్పటికీ విజయవాడ, గుంటూరు దాటుకునే రావాలి.

కంపెనీలు కూడా కొత్త సరుకును దేశమంతా ఒకే రోజు దింపవు. ముందు ఒక ప్రాంతంలో పెట్టి చూస్తాయి. రిలయన్స్ వాళ్ళు ‘ఇండిపెండెన్స్’ అనే కిరాణా బ్రాండును 2022 డిసెంబరులో గుజరాత్‌లో మొదలుపెట్టారు. అదే సంస్థ పాత క్యాంపా కూల్‌డ్రింకును 2023 మార్చిలో మళ్ళీ తెచ్చినప్పుడు మొదట ఎంచుకున్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణలనే. ఎండాకాలం మొదట్లో, కూల్‌డ్రింకులు బాగా తాగే చోట మొదలుపెట్టారు. కాబట్టి కొత్తవి మన దగ్గరకు ఎప్పుడూ ఆఖరునే వస్తాయన్నది నిజం కాదు. ఇక్కడ అమ్ముడవుతుందని నమ్మకం కుదిరితే ముందే వస్తాయి. ఆ నమ్మకం కలిగించడంలో కొనేవాళ్ళకూ భాగం ఉంది.

కొన్ని సరుకులు మన వైపు ఆలస్యం కావడానికి ఎండ కూడా కారణం. రాష్ట్రంలోనే ఎక్కువ ఎండ కాసే ఊళ్ళలో రెంటచింతల ఒకటని అందరికీ తెలుసు. కొత్త చాక్లెట్ ఏప్రిల్‌లో విడుదలైతే, ఏసీ లేని కొట్టాయన దాన్ని తీసుకోడు, తీసుకోకపోవడమే న్యాయం. ఫ్రీజరులో ఉంచాల్సిన సరుకు, కరెంటు పోతే పాడయ్యే సరుకు, వీటికి చిన్న కొట్లో చోటు లేదు. వీటి కోసం మే నెలలో శెట్టిగారిని ఇబ్బంది పెట్టకండి. వర్షాలు పడ్డాక అడగండి.

శెట్టిగారి లెక్క

నా దృష్టిలో ఈ అధ్యాయంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. కొట్టాయన కొత్త సరుకు ఎందుకు తీసుకోడో అర్థం కానిదే మనం సరిగ్గా అడగలేం.

ఒక కొత్త ప్యాకెట్ ఎమ్మార్పీ 50 రూపాయలనుకుందాం. కొట్టాయనకు 45కు పడుతుంది. చాలా ప్యాకెట్ సరుకుల్లో మిగిలేది ఇలా పది శాతం అటూ ఇటూనే. డీలరు ఒక్క ప్యాకెట్ ఇవ్వడు, 12 ఉన్న పెట్టె తీసుకోమంటాడు. పెట్టుబడి 540 రూపాయలు. పన్నెండూ అమ్ముడైతే 600 వస్తాయి, లాభం 60. పదకొండు అమ్ముడై ఒకటి మిగిలితే లాభం 10. పది అమ్ముడై రెండు మిగిలితే వచ్చింది 500, నష్టం 40. అంటే రెండే రెండు ప్యాకెట్లు గడువు తీరి మిగిలినా ఆయన చేతి డబ్బు పోయినట్టే. గడువు తీరిన సరుకు వెనక్కు తీసుకుంటామని సేల్స్‌మేన్ చెప్తాడు. తర్వాత ఆ కుర్రాడు ఉద్యోగం మారిపోతాడు, కొత్తగా వచ్చినవాడు తనకు తెలియదంటాడు. నాలుగేళ్ళు కొట్టు నడిపిన ఎవరికైనా ఇది అనుభవమే.

దీనికి తోడు ఖాతా, అంటే అప్పు పద్దు, ఉంది. మన పల్లెల్లో చాలా సరుకు ఖాతా మీదే పోతుంది. పత్తి అమ్మాక, మిర్చి గుంటూరు యార్డుకు వెళ్ళి డబ్బు చేతికొచ్చాక బాకీ తీరుతుంది. అప్పటిదాకా ఆయన డబ్బు జనం దగ్గర ఉంటుంది. డీలరుకు మాత్రం నగదు కట్టాలి, లేదా వారంలో కట్టాలి. చేతిలో ఉన్న కొద్ది డబ్బును ఆయన నూనె మీద, పప్పు మీద, అందరూ అడిగే సబ్బు మీద పెడతాడు. ఎవరూ పేరు కూడా సరిగ్గా చెప్పలేని కొత్త ప్యాకెట్ మీద పెట్టడు. ఆయన "ఇంకా రాలేదమ్మా" అన్న మాటలో చాలాసార్లు ఉన్న అర్థం, "తీసుకుంటే అమ్ముడవుతుందో లేదో నాకు తెలియదు" అని. ఆ భయం తగ్గించగలిగింది మీరే.

1983లో తమిళనాడులోని కడలూరులో సి.కె. రంగనాథన్ చిన్న పెట్టుబడితో చిక్ షాంపూ మొదలుపెట్టినప్పుడు ఆయనకు ఎదురైంది ఈ భయమే. పెద్ద కంపెనీల షాంపూ ఉండగా ఊరూ పేరూ లేని ప్యాకెట్‌ను పల్లె కొట్టు ఎందుకు పెట్టుకుంటుంది? ఖాళీ షాంపూ ప్యాకెట్లు అయిదు తెస్తే ఒక చిక్ ప్యాకెట్ ఉచితం అన్నారు. కొంతకాలానికి ఖాళీ చిక్ ప్యాకెట్లే తేవాలన్నారు. జనం కొట్టుకు వెళ్ళి ‘చిక్ ఉందా’ అని పేరు పెట్టి అడగడం మొదలైంది. అడిగేవాళ్ళు కనిపించాక కొట్టాయనే డీలరును అడిగాడు. సరుకు పై నుంచి కిందికి తోస్తే కదలలేదు, కింది నుంచి అడిగితే కదిలింది. కొనేవాళ్ళ వైపు నుంచి మనమూ ఆ పని చేయగలం.

ఎలా అడగాలి

"కొత్తగా టీవీలో వస్తోందిగా, ఆ రాగి బిస్కెట్ ఉందా?" ఇలా అడిగితే ఎవరైనా లేదనే చెప్తారు. రాగి బిస్కెట్లు ఎన్ని కంపెనీలవి ఉన్నాయి, మీకు కావలసింది ఏది, ఎంత ప్యాకెట్, ఎంత ధర? ఇవేవీ ఆయనకు తెలియవు. కొట్టుకు వెళ్ళేముందు ఆ ప్యాకెట్ ఫోటోలు నెట్‌లో వెతికి ఫోనులో పెట్టుకోండి. ముందు వైపు ఒకటి, వెనక వైపు బార్‌కోడ్ కనిపించేలా ఒకటి. మన దేశంలో నమోదైన బార్‌కోడ్ అంకెలు 890తో మొదలవుతాయి. ఆ 13 అంకెలు చాలు, డీలరుకు గానీ సూపర్ మార్కెట్ కంప్యూటరుకు గానీ సరిగ్గా ఆ సరుకేదో తెలిసిపోతుంది.

తర్వాత ఎప్పుడు అడగాలన్నది. సాయంత్రం ఆరు గంటలకు, నలుగురు నిలబడి ఉన్నప్పుడు అడిగితే మీ మాట గాలికి పోతుంది. "బాబాయ్, ఈ కంపెనీ లైన్ మనకు ఏ రోజు వస్తుంది?" అని ముందు కనుక్కోండి. ఆ రోజు పొద్దున్నో, ముందు రోజో వెళ్ళండి. సేల్స్‌మేన్ ఎదురుగా ఉంటే ఇంకా మంచిది, అతనికే ఫోటో చూపించండి. కొత్త సరుకు ఇన్ని కొట్లలో పెట్టాలని అతనికి కంపెనీ లెక్క ఇచ్చి ఉంటుంది. కొనేవాళ్ళే వచ్చి అడిగితే అతని పని సులువవుతుంది. అతనూ, కొట్టాయనా, మీరూ ఒకే చోట ఉన్న ఆ అయిదు నిమిషాలు, రెండు నెలలు విడివిడిగా అడగడం కంటే ఎక్కువ పనిచేస్తాయి.

అన్నిటికంటే ముఖ్యం, మాట ఇవ్వడం. "తెప్పిస్తే నేను నాలుగు తీసుకుంటాను, డబ్బు ఇప్పుడే ఇస్తాను, మా వదిన రెండు తీసుకుంటుంది, టీచరుగారింట్లో రెండు కావాలన్నారు." పై లెక్క గుర్తు చేసుకోండి. పన్నెండులో ఎనిమిదికి ముందే కొనేవాళ్ళు తేలితే శెట్టిగారికి మిగిలిన భయం ఎంత? ఖాతాలో రాసుకోమని మాత్రం అనకండి. కొత్త సరుకుకు నగదే ఇవ్వండి. అది మర్యాద, పైగా తర్వాతిసారి మీ మాటకు విలువ వస్తుంది. సరుకు వచ్చాక రుచి నచ్చకపోయినా చెప్పినన్ని తీసుకోండి. నచ్చలేదన్న సంగతి కూడా చెప్పండి, రెండో పెట్టె ఆపేస్తాడు. మాట తప్పిన ఇంటి పేరు కొట్టాయన మర్చిపోడు. ఆ తర్వాత ఆ వీధిలో ఇంకొకరు అడిగినా నమ్మడు.

ఒక్క ఇల్లు చాలనప్పుడు నలుగురు కలవాలి. మనకు కృష్ణకు అవతల ఉన్న నల్గొండ జిల్లాలోనే హిందుస్థాన్ లీవర్ కంపెనీ 2000ల తొలి సంవత్సరాల్లో శక్తి అనే పథకాన్ని ప్రయత్నించి చూసింది. లైన్ వెళ్ళలేని చిన్న ఊళ్ళలో స్వయం సహాయక సంఘాల మహిళలకు సబ్బులు, షాంపూలు ఇచ్చి ఇంటింటికీ అమ్మించింది. తర్వాత అది దేశంలో ఎన్నో రాష్ట్రాలకు వెళ్ళింది. అంత పెద్ద కంపెనీకి కూడా పల్లెలోకి దారి చూపించింది సంఘం ఆడవాళ్ళే. మీ డ్వాక్రా సంఘం నెల సమావేశంలో ‘ఈ పిండి ఎవరెవరికి కావాలి’ అని ఒక్క మాట అడిగి చూడండి. పది మంది పేర్లున్న కాగితం డీలరు బల్ల మీద పెడితే, అతను పక్కన పడేయడు.

కంపెనీకి ఫోన్ చేయండి

కంపెనీకే ఫోన్ చేయడం చాలామంది చేయని పని. ప్యాకెట్ సరుకు నిబంధనలు 2011 నుంచి అమల్లో ఉన్నాయి. ప్రతి ప్యాకెట్ మీద తయారీదారు పేరు, చిరునామా, బరువు, ఎమ్మార్పీతో పాటు వినియోగదారులు ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరు, ఈమెయిల్ కూడా ఉండాలి. మీకు కావలసిన కొత్త ప్యాకెట్ మీ దగ్గర లేదు కదా, నంబరు ఎక్కడ దొరుకుతుంది అంటారా? అదే కంపెనీ పాత సరుకు ఏదో ఒకటి మీ వంటింట్లో ఉంటుంది. సబ్బు రేపరు మీదో, టీపొడి డబ్బా మీదో ఉన్న నంబరుకు చేయండి. ఫిర్యాదే చేయాలని లేదు. "మాది నరసరావుపేట, పిన్‌కోడ్ 522601. ఈ కొత్త సరుకు మా దగ్గర ఏ డీలరు దగ్గర ఉంది? లేకపోతే ఎప్పుడు వస్తుంది?" అని అడగండి. ఊరి పేరు కంటే పిన్‌కోడ్ చెప్పడం మేలు. చాలా కంపెనీలు తెలుగులో మాట్లాడతాయి. డీలరు పేరు చెప్తే ఆ పేరు తీసుకెళ్ళి మీ కొట్టాయనకు ఇవ్వండి. ఎవరి దగ్గర తెప్పించాలో తెలియకపోవడమే కొన్నిసార్లు అసలు అడ్డంకి.

ఇంతవరకు చెప్పింది చిన్న కొట్ల సంగతి. సూపర్ మార్కెట్‌లో కష్టం వేరు. సరుకు లోపలే ఉంటుంది, కనిపించదు. కొత్తది దాని వరుసలో కాకుండా బిల్లింగ్ దగ్గరో, వరుస చివర స్టాండులోనో, ఆఫర్ల గుట్టలోనో పెడతారు. ర్యాకులు సర్దే కుర్రాళ్ళలో చాలామంది కొత్తవాళ్ళు, వాళ్ళను నిందించి లాభం లేదు. బిల్లింగ్ కౌంటరులో ఫోటో చూపించి కంప్యూటరులో ఉందేమో చూడమనండి. ఉంటే స్టాక్ ఎంతో కూడా అక్కడే తేలుతుంది. పెద్ద గొలుసు సంస్థల స్టోర్లలో ఏ సరుకు పెట్టాలో ఈ ఊళ్ళో నిర్ణయించరు, పై ఆఫీసులో నిర్ణయిస్తారు. అక్కడ సరుకును సిస్టంలో చేర్చనిదే మేనేజరు తెప్పించలేడు. ఊరి మనిషి సొంతంగా నడిపే సూపర్ మార్కెట్ అయితే యజమాని క్యాష్ కౌంటరు దగ్గరే కూర్చుంటాడు, ఆయన సరే అంటే చాలు. కొత్త సరుకు విషయంలో నేను ముందు వెళ్ళమనేది వాళ్ళ దగ్గరికే.

ఆన్‌లైన్ సంగతి క్లుప్తంగా. కొత్త బ్రాండ్లు చాలా ఇప్పుడు కొట్టుకంటే ముందు ఫోనులోనే మొదలవుతున్నాయి. 2015లో అమ్మకం ఆగిన మ్యాగీ నూడుల్స్ ఆ నవంబరులో తిరిగి వచ్చినప్పుడు కూడా కొట్లతో పాటు ఆన్‌లైన్‌లోనూ అమ్మారు, 60,000 కిట్లు అయిదు నిమిషాల్లో అయిపోయాయి. కానీ పది నిమిషాల్లో తెచ్చే యాప్‌లు పెద్ద నగరాల కోసం పుట్టినవి. ముందు మీ పిన్‌కోడ్ కొట్టి చూసుకున్నాకే ఆశ పెట్టుకోండి. డెలివరీ చార్జీ కలిపి లెక్క వేయండి, యాభై రూపాయల ప్యాకెట్‌కు నలభై చార్జీ అయితే వద్దు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడితో తెప్పించుకునేటప్పుడు మొదటిసారి ఒక్కటే తెప్పించండి. నచ్చకముందే ఆర్టీసీ కార్గోలో డజను వేయించుకోవడం దండగ.

కొనేముందు చూడాల్సినవి

టీవీలో పేరు మోగిన సరుకు ఊళ్ళోకి రాకముందే దాని రంగులో, ఒక అక్షరం తేడాతో ఇంకొకటి వస్తుంది. తొందరలో ఉన్నవాళ్ళు అదే కొంటారు. ప్యాకెట్ తిప్పి తయారీదారు చిరునామా చూడండి. ఆహార పదార్థమైతే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు ఉండాలి. తయారైన నెల చూడండి, గోడౌన్లో, డీలరు దగ్గర, కొట్లో ఆగి ఆగి వచ్చిన సరుకుకు గడువు సగం అయిపోయి ఉండవచ్చు. అనుమానం వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి.

దినుసుల పట్టిక తప్పకుండా చదవండి. అందులో ఎక్కువ బరువున్నది ముందు రాయాలన్నది నియమం. ముందు పెద్ద అక్షరాల్లో ‘రాగి’ అని ఉండి, వెనక పట్టికలో మొదటి మాట మైదా అయితే, మీరు ఇంతకాలం వెతికింది మైదా కోసమన్నమాట. పల్నాడులో జొన్నకూడు తప్ప వేరే లేదని కవి శ్రీనాథుడు బాధపడ్డట్టు చెప్పే చాటువులు మనందరికీ తెలుసు. ఆ జొన్న ఇప్పటికీ మన చేలల్లో పండుతోంది, మిల్లులో పిండి పట్టించుకోవచ్చు. జొన్న కోసమే అయితే కొత్త ప్యాకెట్ వెంట పడక్కర్లేదు. ఇంట్లో చేసుకోలేనిది, ఆరోగ్యానికి అవసరమైనది, నిజంగా పని తగ్గించేది అయితే మాత్రం పట్టుదలగా అడగండి. మిగతావి రెండుసార్లు అడిగి వదిలేయవచ్చు.

మన దగ్గర తయారయ్యే కొత్త సరుకుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన మిర్చితో కారం పట్టి ప్యాకెట్లు చేసే సంఘాలు, నువ్వుల లడ్డూలు, జొన్న మురుకులు చేసే ఆడవాళ్ళు పల్నాడు నిండా ఉన్నారు. వాళ్ళకు టీవీ ప్రకటన లేదు, డీలరు లేడు, కొట్లకు రాయితీలు ఇవ్వడానికి డబ్బు లేదు. పెద్ద కంపెనీ సరుకు మీరు అడగకపోయినా ఏదో ఒక రోజు రావచ్చు. వీళ్ళది మీరు అడిగితేనే వస్తుంది. శెట్టిగారితో మాట్లాడేటప్పుడు ఒక ఊరి కారం ప్యాకెట్ పేరు కూడా చెప్పండి, దానికీ ముందే నగదు ఇవ్వండి.

ఈ పుస్తకం పక్కన పెట్టి ఒక్క పని చేయండి. మీ ఇంట్లో చాలాకాలంగా ‘మన ఊళ్ళో దొరకదు’ అనుకుంటున్న సరుకు ఒకటి ఎంచుకోండి. దాని ఫోటో ఫోనులో పెట్టుకుని, ఎవరెవరు ఎన్ని తీసుకుంటారో ఇద్దరు ముగ్గుర్ని అడిగి రాసుకోండి. ఆ కంపెనీ లైన్ ఏ రోజు వస్తుందో రేపు కొట్లో కనుక్కోండి.